వలసపోయిన జనులు – వారి కవిత్వము

మానవులు పుట్టిన ఊరు విడిచిపోవుటకు కారణములు అనేకములు. కూటి కొఱకు కోటి విద్యలన్నట్లు పొట్ట చేతబట్టుకొని పోవువారు కొందఱు. వర్తకమునకో విద్యకో పోవువారు కొందఱు. మన హోసూరు కర్మాగారములలో పనికై నలుదిక్కులనుండి వచ్చి చేరినవారు ఈ తెగలోనివారే. వీరికి ఇల్లు దూరమైనను దారి మూతపడలేదు. పండుగకు బస్సెక్కి పోయి రాగలరు. ఇది గాక వేఱొక వలస కలదు. రాత్రికి రాత్రి పశువులను విప్పి వదలి, పొయ్యిమీది కుండను పొయ్యిమీదనే యుంచి, ఇలవేలుపును మూటగట్టుకొని పోవు వలస యది. అట్లు పోయినవారికి వెనుకటి ఊరు మరల కనబడదు. పాటలో మాత్రమే కనబడును.

ఈ సంవత్సరము పై తరగతుల పిల్లలకు గ్రీకు, టర్కీ దేశముల మధ్య జరిగిన జనుల మార్పిడిని గుఱించి రెండు మూడు దినములు పాఠము చెప్పితిని. ఒకరిద్దరు తండ్రులు బడికి వచ్చి, "అయ్యవారూ, ఎక్కడి టర్కీ, ఎక్కడి హోసూరు! పరీక్షకు రాని సంగతి పిల్లలకేల?" అని మర్యాదగానే అడిగిరి. ప్రశ్న సమంజసమైనదే. గంట కొట్టు వేళ నిలువబడి చెప్పిన జవాబు చాలదు గనుక ఇచ్చట తీరికగా వ్రాయుచున్నాను.

మొదట పేర్ల సంగతి తేల్చుకొనవలెను. చిన్న ఆసియా పశ్చిమ తీరమున గ్రీకులు పూర్వమునుండి నివసించిన సీమకు అయోనియా అని పేరు. మన సంస్కృతములోని యవన శబ్దము ఆ పేరునుండి వచ్చినదే. మొదట గ్రీకులకు చెల్లిన ఆ మాట కాలక్రమమున పడమటినుండి వచ్చిన ముసల్మానులకును చెల్లినది. శ్రీకృష్ణదేవరాయలకు యవనరాజ్యస్థాపనాచార్యుడను బిరుదు కలదు. అక్కడ యవనులనగా బహమనీ సుల్తానులు గాని గ్రీకులు గారు. అట్లే తురుష్క, తురక శబ్దములు టర్కు అను జాతినామమునుండి పుట్టినవి. మన పల్లెకథలలో తురకరాజనిన ఢిల్లీ, దక్కను సుల్తానుల వంటివాడే గాని నేటి టర్కీ దేశమునకు సంబంధించినవాడు గాడు. ఈ మాట ముందుగా చెప్పనిచో పిల్లలు పొరబడుదురు. పెద్దలును పొరబడుదురు.

ఇక చరిత్ర. మొదటి ప్రపంచ యుద్ధమున ఓడిన తురుష్క సామ్రాజ్యము విచ్ఛిన్నమగుచుండగా, 1919 మే నెలలో గ్రీకు సైన్యము స్ముర్న రేవున దిగి దేశము లోపలికి చొచ్చుకొనిపోయెను. మూడేండ్లు యుద్ధము జరిగెను. 1922 ఆగస్టులో గ్రీకు సైన్యము ఓడి పారిపోయెను. సెప్టెంబరు 9వ తేదీన తురుష్క సైన్యము స్ముర్నలో ప్రవేశించెను. నాలుగు దినములకు పట్టణము అంటుకొని కాలిపోయెను. బైబిలు చదువువారికి స్ముర్న పేరు పరిచితమే. నేడు దానిని ఇజ్మీరు అందురు. వెనుక మంటలు, ముందు సముద్రము. నడుమ రేవుగట్టుపై లక్షలకొలది జనులు ఓడలకై నిలిచిరి.

తరువాత స్విట్జర్లండులోని లోజాను నగరమున ఉభయ రాజ్యములవారు కూర్చుండి, 1923 జనవరి 30వ తేదీన జనుల మార్పిడి ఒడంబడికపై సంతకములు చేసిరి. టర్కీలోని గ్రీకు మతస్థులైన క్రైస్తవులు గ్రీసునకు పోవలెను. గ్రీసులోని ముసల్మానులు టర్కీకి పోవలెను. ఇస్తాంబులులోని గ్రీకులను, పశ్చిమ థ్రేసులోని ముసల్మానులను మాత్రము మినహాయించిరి. పోయినవారు తిరిగి రాగూడదు. యుద్ధములో పారిపోయినవారితో కలిపి సుమారు 12 లక్షల క్రైస్తవులును, మూడున్నర నాలుగు లక్షల ముసల్మానులును ఈ విధముగ స్థానభ్రష్టులైరి. 1928 నాటి లెక్కల ప్రకారము గ్రీసు జనాభా 62 లక్షలు. అందు అయిదింట ఒక వంతు కాందిశీకులే. అనగా పదిమంది కూర్చున్న పంక్తిలో ఇద్దరు నిన్న మొన్న వచ్చినవారన్నమాట.

మనము ముఖ్యముగ గమనింపవలసినది ఇది. ఎవడు గ్రీకు, ఎవడు టర్కు అని నిర్ణయించుటకు లోజానులో మతమును చూచిరి, భాషను చూడలేదు. కప్పదొకియ ప్రాంతమున కరమాన్లీలను క్రైస్తవులుండిరి. వారి యింటిభాష టర్కీ. ఆ భాషనే గ్రీకు లిపిలో వ్రాసికొని, పుస్తకములు, పత్రికలు గూడ అచ్చువేసికొనిరి. వారిని గ్రీసునకు పంపిరి. గ్రీకు రాని గ్రీకులు! క్రొత్త దేశమున ఇరుగుపొరుగువారు వారిని టర్కు విత్తనమని యెగతాళి చేసిరి. మఱొకప్రక్క క్రీటు ద్వీపమున ముసల్మానులు తరతరములుగా గ్రీకు భాషయే మాటలాడువారు. వారిని టర్కీకి పంపిరి. అచ్చట వారికి సగము అవిశ్వాసులను పేరు వచ్చెను. పైగా 1928లో ఆ దేశమున పౌరులందఱు టర్కీ భాషనే మాటలాడవలెనని పెద్ద ప్రచారము లేచెను. వీథిలో నోరు తెఱచుటకే భయమాయెను.

ఈ దుఃఖము కవిత్వమున ఎట్లు నిలిచినది? గ్రీకుల పక్షమున మొదట చెప్పవలసిన పేరు జార్జి సెఫెరిసు. ఆయన 1900లో స్ముర్నలో జన్మించెను. 1914లో కుటుంబము ఏథెన్సు చేరెను. పుట్టిన పట్టణము కాలినప్పుడు ఆయన పారిసులో విద్యార్థి. 1935లో ప్రకటించిన ఇరువదినాలుగు ఖండముల కావ్యమున ఆయన స్ముర్నను గుఱించి నేరుగా విలపింపలేదు. ప్రాచీన గ్రీకు పురాణములలోని నావికులను తీసికొని, ఇల్లు చేరని ప్రయాణముగా తన కాలపు బాధను చెప్పెను. రామాయణములోని అరణ్యవాసమును చెప్పి తన ఊరి కష్టమును సూచించు మన హరికథకుని పద్ధతి యిట్టిదే. ఆయనకు 1963లో నోబెల్ బహుమానము వచ్చెను. గ్రీకులలో మొదటిది అదే.

కాని పండితుల కావ్యములకంటె సామాన్యుల పాటలే ఈ విషయమున నాకు ఎక్కువ ప్రమాణముగ తోచును. స్ముర్ననుండి వచ్చిన గాయకులు పిరేయసు రేవులో, గుడిసెలలో, కాఫీ అంగళ్లలో తమ పాత ఊరి బాణీలను పాడిరి. ఆ బాణీలు సగము తురుష్కములు. కావున 1936లో వచ్చిన నియంతృత్వ ప్రభుత్వము ఆ పాటలను అణచెను. విచిత్రమేమనగా అంతకు రెండేండ్లు ముందే, 1934లో, టర్కీ ప్రభుత్వము గూడ ఆ పాత సంగీతమును రేడియోలో నిషేధించియుండెను. ఇద్దఱు శత్రువులును ఒక్క పాటకే భయపడిరి!

తురుష్కుల పక్షమున చాలకాలము మౌనమే. మార్పిడి చేయబడినవారికి అచ్చట ముబాదిలు అని పేరు. క్రొత్త రాజ్యము కట్టు ఉత్సాహములో వారి కన్నీరు వినుటకు ఎవరికిని తీరిక లేకపోయెను. టర్కీ మహాకవి నాజిం హిక్మతు 1902లో థెస్సలొనీక పట్టణమున పుట్టినవాడు. పౌలు పత్రికలు వ్రాసిన ఆ థెస్సలొనీకయే. 1912లో ఆ పట్టణము గ్రీకుల వశమైనది. ఆయన వలస వేఱు విధమైనది. చెఱసాలలో ఏండ్లు గడపి, 1951లో దేశము విడిచి, 1963లో మాస్కోలో మరణించెను. ఇక క్రీటునుండి వచ్చిన వృద్ధులు ఏమి చేసిరి? క్రీటులో మాంతినాద అను రెండు పాదముల పద్యము కలదు. పాదమునకు పదునైదు అక్షరములు, చివర అంత్యప్రాస. మన ద్విపద వంటిదని పిల్లలకు చెప్పితిని. ఛందస్సు వేఱైనను నోటికి పట్టుబడుటలో రెండును ఒకటే. ఆ ముసల్మాను అవ్వలు టర్కీ తీరమున కూర్చుండి గ్రీకు భాషలో మాంతినాదలు పాడుకొనిరి. కుమారులకు కొంత అర్థమైనది. మనుమలకు రాగము మాత్రమే తెలిసినది; టర్కీ బడిలో చదివిన మునిమనుమలలో అనేకులకు అదియు లేదు. ఊరు ఒక్క యేటిలో పోయినది. భాష పోవుటకు మూడు తరములు పట్టినది.

ఇచ్చట ఒక స్త్రీ చేసిన పనిని చెప్పకుండ ముందుకు పోజాలను. ఏథెన్సులో మెల్పో మెర్లియే అను సంగీత విదుషి 1930లో కాందిశీకుల పాటలను గ్రామఫోను పలకలపై పట్టించుటకు పూనుకొనెను. పాట వెంబడి ఊరి కథయు వచ్చెను. ఆమెయు ఆమె సహాయకులును దశాబ్దములపాటు గుడిసె గుడిసెకు పోయి సుమారు 5,000 మందిని అడిగి, వారి ఊరు ఎట్టిది, ఇరుగుపొరుగు టర్కులతో ఎట్లుండిరి, ఏ దినమున ఏ దారిని బయలుదేరిరి, అని వ్రాసికొనిరి. లక్షకు మించిన పుటలు అయినవి. మంత్రులు చేసిన ఒడంబడిక కొన్ని కాగితములే.

ఇప్పుడు మన సంగతికి వచ్చెదము. మన పూర్వుల వలసకు లోజాను లేదు, తేదీ లేదు, లెక్క లేదు. తమిళదేశమున తెలుగువారు వ్యాపించుట విజయనగర కాలమునుండి విశేషముగ జరిగినది. పదునాలుగవ శతాబ్దిలో కుమార కంపన మధురపై దండెత్తినప్పుడు, పదునాఱవ శతాబ్దిలో మధుర నాయక రాజ్యము ఏర్పడినప్పుడు, 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట, అలలు అలలుగా జనులు దక్షిణమునకు దిగిరి. రాజులకు శాసనములు కలవు. బండ్లు తోలుకొని వెనుక వచ్చిన రైతులకు, గొల్లలకు కలవి కథలు, పాటలు మాత్రమే.

ఆ కథలలో రెండింటిని చూడుడు. మధుర, తిరునెల్వేలి సీమలలోని రాజకంబళ నాయకులు తెలుగు మాటలాడువారు. ఉత్తరపు సీమలో తురకరాజు తమ కన్యను కోరగా, ఇచ్చుట కిష్టపడక, కులమంతయు రాత్రివేళ బయలుదేరినదని వారు చెప్పుకొందురు. వెనుక గుఱ్ఱపు దండు. ముందు పొంగిన ఏరు. అప్పుడు ఏటి కిరుగట్టుల నున్న రెండు కానుగ చెట్లు వంగి వంతెనగా కలిసినవట. జనులు దాటిన పిమ్మట చెట్లు మరల నిటారుగ నిలిచినవట. నేటికిని వారికి కానుగ పూజ్యవృక్షము.

రెండవ కథ మనకు మిక్కిలి దగ్గఱిది. కోలారు, బెంగుళూరు, హోసూరు ప్రాంతములను కలిపి మొరసునాడందురు. ఇచ్చటి మొరసు ఒక్కలిగలలో తెలుగు మాటలాడువారును, కన్నడము మాటలాడువారును కలరు. వారి మూలపురుషుడు రణభైరేగౌడ కంచి ప్రాంతమున నుండగా, బలవంతుడైన యొక నాయకుడు ఆతని కుమార్తెను కోరెనట. ఇక్కడను రాత్రి ప్రయాణమే, ఇక్కడను పొంగిన నదియే. నది పాయ విడిచి దారి యిచ్చినదట. ఈ కథలో వలస దక్షిణమునకు గాదు, పడమటికి. తఱిమినవాడు తురకరాజు గాడు, ఆ సీమలోని నాయకుడే. కథ యొక్క ఎముక మాత్రము ఒక్కటే: కన్య, రాత్రి, ఏరు, దైవము. కావున ఈ కథలను చూపి ఒక మతమువారిపై పగ పెంచుకొనుట అవివేకము. కథకు తఱుమువాడొకడు కావలెను. వాని పేరు సీమనుబట్టి మాఱుచుండును.

చరిత్రకారులు ఈ కథలను ఉన్నవి ఉన్నట్లు ఒప్పుకొనరు. మన పూర్వులలో అనేకులు భయముచే గాక, నాయకరాజుల సైన్యములతో జీతమునకును, బీడుపడిన నల్లరేగడి భూములను సాగుచేయుటకును పోయిరని వారి అభిప్రాయము. నాకును అదియే యుక్తముగ కనబడుచున్నది. హోసూరు చుట్టును బాగలూరు, బేరికె, శూలగిరి పాలెగాండ్రు పాలించిరి. వారు పరుగెత్తి వచ్చిన దీనులు గారు. ఐనను పాట అబద్ధమని త్రోసివేయరాదు. రెండు వందల ఏండ్ల నడకను అవ్వ ఒక్క రాత్రిగా కుదించి చెప్పినది. కన్యను కాపాడితిమనిన, మానమును కాపాడుకొంటిమని యర్థము. సెఫెరిసు నావికులను చెప్పి స్ముర్నను సూచించినట్లే యిది.

ఈ కథ లిఖిత సాహిత్యమునకు ఎక్కినది తెలుగున గాదు, తమిళమున. కోవిల్‌పట్టి సమీపమున ఇడైచెవల్ గ్రామములో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు. ఆయన 1976లో ప్రకటించిన గోపల్ల గ్రామము అను నవలలో, ఒక కన్యకై తురకరాజునకు వెఱచి దక్షిణమునకు నడచిన తెలుగు కుటుంబముల కథను చెప్పెను. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. 2021లో ఆయన కీర్తిశేషుడైనప్పుడు తమిళలోకమంతయు దుఃఖించెను. తమిళము మన కథకు ఇల్లిచ్చినది. ఇందులకు మనము కృతజ్ఞులము. ఆ అవ్వ తన నోట తెలుగున చెప్పిన మాట మాత్రము ఆ అచ్చులో లేదు.

హోసూరువారికి రెండవ వలస ఒకటి తప్పినది. 1953లో ఆంధ్రరాష్ట్రము వేఱుపడినప్పుడును, 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినప్పుడును, గీతలు గీసినవారు భాషను చూచిరి, జనులను కదల్పలేదు. హోసూరు సేలము జిల్లాతో మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. తరువాత ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా. ఇల్లు విడువుమని ఎవ్వరిని ఆజ్ఞాపింపలేదు. 1956లోనే రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణలో, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు వసతులు కల్పింపవలెనని 350-ఎ అధికరణము చేర్చిరి. లోజానుతో పోల్చి చూచిన మన పెద్దల వివేకము తెలియును. 2006లో వచ్చిన తమిళాభ్యసన చట్టముచే తమిళము మొదటి తరగతినుండి క్రమముగ తప్పనిసరి పాఠ్యాంశమైనది. తమిళము నేర్చుటకు మన పిల్లలు ఏనాడును వెనుదీయలేదు. ఈ సీమలో మూడు భాషలు రాని కూరగాయల వర్తకుడు అరుదు. ఇబ్బంది అంతయు తెలుగునకు మిగులు వేళ ఎంత అనుదానియందే కలదు.

"ఇంట తెలుగు మాటలాడుచున్నాము గదా, వ్రాత ఏల?" అను ప్రశ్నయు వినుచున్నాను. కరమాన్లీల వలె పరలిపిలో వ్రాసికొన్నను భాష కొంతకాలము బ్రదుకును. తంజావూరి గాయకులు త్యాగరాజ కృతులను తమిళ లిపిలో వ్రాసికొని పాడుచునే యున్నారు. కాని తమిళ లిపిలో క, గ లకు ఒక్కటే గుర్తు. గాలి అని వ్రాసినను కాలి అని వ్రాసినను రూపమొక్కటే. బండి, పండి, దారి, తారి, ఇట్లే. పాట తెలిసినవాడు సరిగా చదువును. తెలియని మనుమడు గాలిని కాలిగా పాడును. పాడినవారు పోయిన తరువాత దిద్దువారెవ్వరు?

కావున తల్లిదండ్రులకు ఒక పని చెప్పుచున్నాను. ఈ దసరా సెలవులకు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లలకు తలకొక నోటుపుస్తకము బడినుండి ఇచ్చెదము. ఇంటిలోని అవ్వను, తాతను వారు అడుగవలసినవి యివి. మన ఇంటిపేరు ఏది, అది ఏ ఊరి పేరు? గ్రీకులు ఏథెన్సు ప్రక్కన క్రొత్త పేటలు కట్టి నూతన స్ముర్న, నూతన అయోనియా అని పాత పేర్లు పెట్టుకొనిరి. మనకు ఆ పని ఇంటిపేర్లు చేయుచున్నవి. అనేకుల ఇంటిపేర్లలో కడపకో అనంతపురమునకో ప్రక్కనున్న పల్లె దాగియున్నది. కులదేవత గుడి ఎక్కడ? ఏ చెట్టును నఱుకరాదందురు, ఎందుకు? ఏటి కథ తెలియునా? పెండ్లిలో, నాట్లలో, తిరునాళ్లలో పాడు పాటలు ఏవి, ఎవరివద్ద నేర్చిరి?

వినినది వినినట్లే వ్రాయవలెను. మొరసునాటి మాటను గ్రంథభాషగా దిద్దవలదు. ఆ చాపల్యము ఉపాధ్యాయులకు ఎక్కువ గనుక మేము ఆ పుస్తకములపై ఎఱ్ఱసిరా వాడము. పాట మధ్యలో కన్నడపు మాటయో తమిళపు మాటయో వచ్చినచో అదియు నుంచవలెను. అవ్వ ఒక చరణము మఱచినచో ఖాళీ విడువవలెను గాని పూరింపరాదు. సెల్‌ఫోనులో గొంతు పట్టినచో మిక్కిలి మంచిది. ఐనను వ్రాయుట మానరాదు; ఫోను మార్చినప్పుడు పాట పోవును. ఇంటిలో పెద్దలు లేని పిల్లలను పొరుగింటి అవ్వవద్దకు, లేదా పొరుగూరి బంధువులవద్దకు పంపుడు. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట పోయిన మేలు. అప్పటికి పెద్దలు పనులు ముగించుకొని కూర్చుందురు. పుస్తకములు సెలవుల తరువాతి మొదటి సోమవారమున తిరిగి తెచ్చి ఇవ్వవలెను.